బృందం, ప్రదర్శన, ప్రేక్షకుడు: పి.టి. రెడ్డి మొదలు హుజూర్‌నగర్ దాకా

ఒక చిత్రకారుడి పేరు మీద, అతని పనితోబాటు అతని సహచరుల పనిని కూడా ఒకే హాలులో గోడలకెక్కించి, అందరినీ కలిపి గౌరవించే ప్రదర్శనలు మన నగరాలకు కొత్త కాదు. ప్రారంభోత్సవం నాడు హాలు నిండుగానే వుంటుంది. మర్నాటి నుంచీ బొమ్మలూ, కావలివాడూ మిగులుతారు. చూసి వచ్చినవారిలో కొందరు ఆ బృందం సాహసాన్ని మెచ్చుకుంటారు. మరికొందరు "మాకు అర్థం కాలేదండీ" అని నిజాయితీగా ఒప్పుకుని వూరుకుంటారు. చిత్రకళను గురించి పత్రికల్లో రాసేవారు సాధారణంగా మొదటివారి కోసం రాస్తారు, రెండోవారిని వదిలేస్తారు. అభ్యుదయ విమర్శ మొదలు కావలసింది మాత్రం యీ రెండోవారి దగ్గరే. ఒక బృందం ఎందుకు ఏర్పడింది, తన పనిని ఎవరికి చూపించింది, ఎవరు చూడలేదు, ఎందుచేత చూడలేదు అనే ప్రశ్నలు వేసుకోకుండా రాసిన కళాచరిత్ర పేర్ల పట్టీ మాత్రమే అవుతుంది.

ప్రయోగవాద కళాకారుణ్ణి ఫ్రెంచివారు "అవాఁగార్డ్" అన్నారు. అది సైన్యం నుంచి తెచ్చుకున్న మాట. ప్రధాన సైన్యానికి ముందు నడుస్తూ దారి చూసే దళం అని దాని అర్థం. దళమంటే ఏమిటో నల్లగొండ జిల్లాలో ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. 1946–51 మధ్య హుజూర్‌నగర్, సూర్యాపేట తాలూకాల్లో దళాలు నిలబడింది కేవలం తుపాకుల మీద కాదు; రాత్రివేళ తలుపు తీసి అన్నం పెట్టిన చేతుల మీద. వెనక జనం లేని దళానికి "ముందు" అనే మాటే వర్తించదు. మరి మన దేశంలో ప్రయోగవాద చిత్రకారుల బృందాలకు వెనక ఎవరున్నారు? యీ ప్రశ్నను పరిశీలించడానికి దూరం పోనక్కరలేదు. దేశంలోని మొదటి ఆధునిక చిత్రకార బృందాలలో ఒకదాన్ని నిలబెట్టినవాడు తెలంగాణ పల్లెటూరి మనిషి.

పాకాల తిరుమలరెడ్డి 1915లో కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టాడు. పి.టి. రెడ్డిగా లోకానికి తెలిసినవాడు ఆయనే. హైదరాబాదులో ఆయనకు ఆశ్రయమిచ్చి, బొంబాయిలో చిత్రకళ చదవడానికి తోడ్పడినవాడు నగర కొత్వాలు రాజబహద్దూర్ వెంకటరామరెడ్డి. పాలమూరు ప్రాంతం నుంచి వచ్చి నిజాం పోలీసు శాఖలో అంత ఎత్తుకు ఎదిగిన యీ పెద్దమనిషి 1918లో రెడ్డి హాస్టలు నెలకొల్పిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఆ హాస్టలు చూరు కింద చదువుకున్నవారిలో రావి నారాయణరెడ్డి వంటివారు నిజాం పాలన మీద తిరగబడ్డారు. అదే పెద్దమనిషి అండతో బయలుదేరిన తిరుమలరెడ్డి రంగుల మీద తిరుగుబాటు చెయ్యడానికి బొంబాయి చేరాడు. భూస్వామ్య వ్యవస్థ తన కడుపులోనే తన విరోధుల్ని పెంచుకోవడం చరిత్రలో మామూలే. కాని యీ రెండు తిరుగుబాట్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టకుండా పక్కపక్కనే నడిచిపోవడం మన ప్రత్యేక దురదృష్టం.

బొంబాయిలోని సర్ జంషెట్జీ జీజీభాయి కళాశాల 1857 నుంచీ నడుస్తున్న విద్యాలయం. అక్కడ చాలాకాలం ప్రిన్సిపాలుగా వున్న గ్లాడ్‌స్టన్ సాలమన్ భారతీయ విద్యార్థుల చేత "భారతీయమైన" అలంకార చిత్రాలు వేయించడమే ధర్మంగా పెట్టుకున్నాడు. దొరలు మెచ్చే భారతీయత అది. దేవతలూ, దీపాలూ, చీరల అంచులూ అందులో బాగా వుంటాయి. మిల్లు కూలీ వుండడు. 1936 ప్రాంతంలో ఆయన స్థానంలోకి చార్లెస్ గెరార్డ్ వచ్చాడు. సెజాన్, గోగాఁ, వాన్ గోహ్ తరువాత యూరపులో చిత్రకళ మారిపోయిందనే వార్త ఆయనతోబాటు తరగతి గదిలోకి వచ్చింది. రెడ్డి 1939లో డిప్లొమా పుచ్చుకునేనాటికి ఆ గాలి ఆయనకు బాగా సోకింది. రంగు నీడకు బానిస కానక్కరలేదనీ, గీత వస్తువును అనుకరించడం మాని దాన్ని కట్టగలదనీ గ్రహించిన తరం అది.

1941లో రెడ్డి, ఎం.టి. భోప్లే, ఎ.ఎ. మజీద్, ఎం.వై. కులకర్ణి, సి. బాప్టిస్టా అనే అయిదుగురు కలిసి బొంబాయి సమకాలీన భారత చిత్రకారులు అనే పేరుతో బృందం కట్టి తమ బొమ్మలు ప్రదర్శించారు. తరువాత వీరికి "యంగ్ టర్క్స్" అనే పేరు స్థిరపడింది. ఆ అయిదు పేర్లూ మరొకసారి చదవండి. తెలంగాణ రైతు బిడ్డ, మరాఠీలు, ముస్లిం, క్రైస్తవుడు. ఏ ఆస్థానమూ, ఏ మఠమూ, ఏ కులమూ వీరిని కలపలేదు. ఒకే బడిలో చదువుకున్న నిరుద్యోగ యువకులు, తమ పనిని మెచ్చే సంస్థ ఏదీ లేనందువల్ల ఒకరినొకరు మెచ్చుకోవడానికి కలిశారు. కలకత్తా గ్రూపు ఏర్పడింది 1943లో. సౌజా, రజా, హుస్సేన్, ఆరా, గాడే, బాక్రేల ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు 1947లో. అంటే వీటన్నిటికంటే ముందు యీ అయిదుగురూ ఆ దారి తొక్కారు. అయినా ఆధునిక భారత చిత్రకళా చరిత్ర అనేసరికి కథ 1947 నుంచి మొదలుపెట్టడం రివాజైపోయింది. 1941 బృందానికి ఒక వాక్యం దొరికితే గొప్ప.

ఎందుకిలా జరిగింది? వారి ప్రతిభ తక్కువ కనుక అనేవారుంటారు. ప్రతిభను కొలిచే తూకపు రాళ్లు నా దగ్గర లేవు. కాని బృందమనేది ప్రతిభ మీద మాత్రమే బతకదని చెప్పడానికి చరిత్రలో ఆధారాలున్నాయి. 1874 ఏప్రిల్‌లో, పారిస్‌లో నాదార్ అనే ఫొటోగ్రాఫరు ఖాళీ చేసిన స్టూడియోలో మొనే, పిసారో, దెగా, రెన్వార్, బెర్త్ మోరిజో మొదలైన 30 మంది కలిసి ప్రదర్శన పెట్టారు. ఇంప్రెషనిస్టులనే వెక్కిరింపు పేరు వారికి అక్కడే పుట్టింది. మనవారు యీ కథ చెప్పేటప్పుడు ఆ వెక్కిరింపును గురించీ, మొనే వేసిన సూర్యోదయాన్ని గురించీ చెప్పి ఆపేస్తారు. ఆ 30 మందీ ముందు ఒక సహకార సంఘం రిజిస్టరు చేశారనీ, తలా ఇంత చందా వేసుకున్నారనీ, తలుపు దగ్గర ఒక ఫ్రాంకు ప్రవేశ రుసుం పెట్టారనీ చెప్పరు. అప్పటికి పారిస్ కమ్యూను నెత్తుటిలో ముంచబడి మూడేళ్లే అయింది. కమ్యూనులో పనిచేసినందుకు చిత్రకారుడు కూర్బే జైలు పాలయ్యాడు. ఆ ప్రభుత్వపు వార్షిక ప్రదర్శనశాలను తప్పించుకుని నేరుగా జనం ముందుకు పోవాలనేదే ఆ బృందపు అసలు సాహసం. ఒక ఫ్రాంకు ఇచ్చి లోపలికి వచ్చే చదువుకున్న మధ్యతరగతి పారిస్‌లో అప్పటికే తయారైవుంది. వచ్చినవాళ్లు నవ్విపోయారు, నిజమే. కాని వచ్చారు!

1941లో బొంబాయి అయిదుగురికి అటువంటి తరగతి లేదు. యుద్ధం నడుస్తోంది. బొమ్మలు కొనేవారంటే దొరలు, రాజులు, కొద్దిమంది పారసీ సేట్లు. బృందం నిలవలేదు, రెడ్డి కొంతకాలానికి హైదరాబాదు చేరాడు. ఆరేళ్ల తరువాత వచ్చిన ప్రోగ్రెసివ్ గ్రూపుకు మాత్రం పరిస్థితి వేరు. హిట్లరు భయంతో యూరపు విడిచి బొంబాయి చేరిన ముగ్గురు — విమర్శకుడు రూడీ ఫాన్ లేడెన్, చిత్రకారుడు వాల్టర్ లాంగ్‌హామర్, కొనుగోలుదారు ఎమాన్యుయెల్ ష్లెసింగర్ — వారికి కళ్లూ, నోరూ, చెయ్యీ అయ్యారు. చూసేవాడు, రాసేవాడు, కొనేవాడు. ప్రేక్షకుడు వియన్నా నుంచి వచ్చినవాడైనా ప్రేక్షకుడే. ఆ ముగ్గురూ ఒక ప్రవాస మధ్యతరగతిని మన చిత్రకారులకు అరువిచ్చారు. 1941 బృందానికి ఆ అరువు దక్కలేదు. 1947 బృందం చరిత్రకెక్కడానికీ, 1941 బృందం మరుగున పడడానికీ యీ వ్యత్యాసం చాలావరకు కారణమని నా అభిప్రాయం.

ఇక హైదరాబాదు సంగతి. చిత్రకళను ఎరుగని రాజ్యం అనడానికి వీల్లేదు. అజంతా గుహలు నిజాం ఇలాకాలోనే వుండేవి. అక్కడి కుడ్యచిత్రాలను కాపాడడానికి 1920లో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించింది ఆ ప్రభుత్వమే. గులాం యజ్దానీ అజంతా మీద ప్రకటించిన సంపుటాలు ప్రపంచమంతా పేరు పొందాయి. చనిపోయిన చిత్రకారుల మీద అంత శ్రద్ధ వున్న రాజ్యంలో బతికున్న చిత్రకారుల గతి ఏమిటి? 1936–37 శీతకాలంలో దక్షిణదేశ యాత్ర చేస్తూ అమృతా షేర్‌గిల్ హైదరాబాదులో తన చిత్రాలు ప్రదర్శించింది. నవాబు సాలార్‌జంగు కొంటాడేమోనని ఆశపెట్టుకుంది. ఆయన బొమ్మలు తెప్పించుకుని చూశాడు, కొనలేదు. ఆ నవాబు కొన్న వేలాది వస్తువులను ఇవాళ మ్యూజియంలో చూస్తున్నాం. 1951 డిసెంబరులో నెహ్రూ దాన్ని ప్రారంభించాడు. యూరపు అకాడెమీల నూనె రంగు చిత్రాలు అక్కడ గోడల నిండా వున్నాయి. గంట కొట్టే గడియారం బొమ్మ ముందు జనం గుంపులుగా నిలబడతారు. నేను దాన్ని వెక్కిరించడం లేదు. భూస్వామ్య సంపదకు కొత్తదాన్ని గుర్తుపట్టే చూపు వుండదు. దానికి వస్తువును పోగుచేసే చెయ్యి మాత్రమే వుంటుంది.

ఆ సంపద ఎక్కడి నుంచి వచ్చిందో నల్లగొండ రైతులకు తెలుసు. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలుండేవని ఉద్యమ చరిత్రకారులు రాశారు. వెట్టి, నాగులు, బేదఖలు అనే మాటలు ఆ గడీల నీడలో పుట్టి పెరిగినవి. అంత భూమి వుండీ, సమకాలీన చిత్రకారుడి చేత ఒక్క బొమ్మ వేయించుకుని చరిత్రలో మిగిలిన దేశ్‌ముఖ్ పేరు చెప్పమంటే నాకు తోచదు. ఇటలీలో మెడిచీలు దోపిడీదారులే. కాని చిత్రకారుడికి గోడ ఇచ్చారు. మన దొరలు గడీ గోడను చెరసాలకు వాడారు.

కనుక రెడ్డి వంటివాడికి పైన ఆశ్రయం లేదు. కింద? ఇక్కడే మనం హుజూర్‌నగర్ రావాలి.

పల్లె జనానికి బొమ్మ చూడడం తెలియదనే మాట మన విద్యాధికుల్లో బాగా నాటుకుపోయింది. ఇది పచ్చి అబద్ధం. తెలంగాణ పల్లెల్లో శతాబ్దాలుగా చిత్రప్రదర్శనలు జరిగాయి. పద్మశాలీల కోసం కూనపులివారు, ముదిరాజుల కోసం కాకిపడగలవారు, మాదిగల కోసం డక్కలివారు పటాలు పట్టుకుని వూరూరా తిరిగేవారు. మూడడుగుల వెడల్పూ, ముప్పై నలభై అడుగుల పైబడి పొడవూ వున్న బట్ట మీద చేర్యాల నకాషీలు వేసిన బొమ్మలవి. ఎర్రటి వెనకతలం మీద, పసుపూ నీలమూ తెలుపూ. రాత్రివేళ వూరి నడుమ పటం దిగవేసి, ఒక్కొక్క అరనే విప్పుతూ, ఆ కులపు పుట్టుక కథను పాడుతూ చెబుతారు. మార్కండేయుడూ భావనారుషీ మగ్గం ఎలా సంపాదించారో సాలెవాడు తన కళ్లతో చూస్తాడు. జాంబపురాణంలో మాదిగ తన తాత లోకానికే పెద్దవాడని వింటాడు. పటం అడిగి వేయించుకునే హక్కూ, కథ చెప్పినందుకు కట్నం పుచ్చుకునే హక్కూ తరతరాలవి. పటం మాసి చిరిగితే కొత్తది వేయించుకుని పాతదాన్ని నదిలో కలిపేవారు.

దీన్ని పారిస్ ప్రదర్శన పక్కన పెట్టి చూడండి. బృందం వుంది: నకాషీ, కథకుడు, వంతపాటగాళ్లు. ప్రవేశ రుసుం లేదు, కాని ఖర్చు భరించే సముదాయం వుంది. చూసేవాడికి బొమ్మలో వాటా వుంది, ఎందుకంటే ఆ కథ అతని గురించే. అర్థం కాలేదనే ఫిర్యాదుకు అక్కడ తావే లేదు. అర్థాన్ని పాట మోసుకొస్తుంది. నిజమే, అది కులం గోడల మధ్య నడిచే కళ. సాలెవాడి పటం గొల్లవాడికి పట్టదు. దాని విషయం పురాణం. దాని పని వున్న వ్యవస్థలో తన కులానికి కాస్త గౌరవం సంపాదించిపెట్టడం. ఆ పరిమితిని దాచవలసిన అవసరం లేదు. కాని బొమ్మను గంటలకొద్దీ చూడగల ప్రేక్షకుడు హుజూర్‌నగర్ పల్లెల్లో ఆనాటికే సిద్ధంగా వున్నాడన్నది మాత్రం కాదనలేని సత్యం.

ఆ ప్రేక్షకుణ్ణి కులం గోడలు దాటించి బయటికి తెచ్చింది ఆంధ్రమహాసభ, సంఘం. 1940ల్లో గుత్పల సంఘం పల్లెపల్లెకూ పాకినప్పుడు పాత రూపాలన్నీ కొత్త విషయంతో నిండాయి. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను తీసుకుని అందులో దొర కథ, వెట్టి కథ పెట్టాడు. అటు కోస్తాలో నాజర్ బుర్రకథను ప్రజాకళగా నిలబెట్టాడు. సుంకర, వాసిరెడ్డి రాసిన "మాభూమి" నాటకం వేలాది జనం ముందు ఆడి నిషేధాలకు గురైంది. పాట మారింది, కథ మారింది, వేషం మారింది. పటం మాత్రం మారలేదు. ఒక కూనపులి కథకుడు సంఘం కథను పటంగా వేయించుకుని వూళ్లు తిరిగి వుంటే ఎలా వుండేదో వూహించుకోవలసిందే. చిత్రకళ మాత్రం ఆ వెల్లువలో తడవలేదు.

బెంగాలులో యిలా జరగలేదు. 1943 కరువులో చిత్తప్రసాద్ మిడ్నపూరు జిల్లా కాలినడకన తిరిగి ఆకలిని గీశాడు. ఆ పుస్తకాన్ని ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. 1946 డిసెంబరులో పార్టీ సోమనాథ్ హోర్ అనే యువకుణ్ణి తెభాగా రైతుల మధ్యకు రంగపూర్ పంపింది. ఆయన బొమ్మలతో సహా రాసుకున్న దినచర్య ఆ పోరాటానికి ప్రత్యక్ష సాక్ష్యంగా మిగిలింది. తెలంగాణకు సునీల్ జానా ఫొటోలు దక్కాయి. తుపాకులు పట్టిన ఆడవాళ్ల ముఖాలు వాటివల్లనే మనకు తెలుసు. కాని తెభాగా దినచర్య వంటి చిత్రకారుడి పని తెలంగాణకు దక్కలేదు. యీ లోపాన్ని చిత్రకారుల నెత్తి మీదనే రుద్దడం అన్యాయం. మన ఉద్యమానికి కూడా బొమ్మ అంటే పోస్టరు, వేదిక వెనక తెర. పాటగాణ్ణి వెతికి పట్టుకున్న కార్యకర్త చిత్రకారుణ్ణి వెతకలేదు. హైదరాబాదులో బొంబాయి బృందాన్ని నడిపిన మనిషి వున్నాడని తెలిసినవాళ్లు కూడా ఆయన్ని ఒక పటం వెయ్యమని అడిగిన జాడ కనిపించదు.

కవిత్వంలో యీ కలయిక జరిగింది గనుక, చిత్రకళలో అది అసాధ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోలేం. మఖ్దూం మొహియుద్దీన్ మెదకు జిల్లా ఆందోలులో పుట్టిన ఉర్దూ కవి. సిటీ కాలేజీ ఉద్యోగం వదిలి కార్మికుల్లోకి వెళ్లాడు. 1944లో "సుర్ఖ్ సవేరా" వచ్చేనాటికి ఉర్దూ కవిత్వంలో కొత్త పోకడలకు ఆయన పేరు గుర్తు. ఆయన చుట్టూ కూడా ఒక బృందముంది. 1945లో అఖిల భారత ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ హైదరాబాదులో జరిగింది. ఆ ప్రయాణాన్నీ సభనూ కిషన్ చందర్ "పౌదే" అనే పుస్తకంగా రాశాడు. అటువంటి కవిని 1952 ఉప ఎన్నికలో శాసనసభకు పంపినవారు ఎవరు? హుజూర్‌నగర్ ఓటర్లు. పార్టీ మీద నిషేధం వుండగా ప్రజాస్వామ్య ఫ్రంటు పేరు మీద పోటీ చేసి ఆయన గెలిచాడు. తెలుగు రైతుకు ఉర్దూ అంటే అంతవరకూ ఫర్మానా, తాసీలు కాగితం, పోలీసు తిట్టు. ఆ భాషలో ప్రేమనూ, తిరుగుబాటునూ పాడిన మనిషికి ఆ రైతే ఓటు వేశాడు. ఆయన రూపకాలన్నీ అర్థమై వేశాడని నేననను. ఆయన ఏ వైపు నిలబడ్డాడో అర్థమైంది. ప్రయోగం చేసే కళాకారుడికి ప్రజలు పెట్టే మొదటి పరీక్ష అదే. రూపం సంగతి తరువాత.

ఇక్కడ సౌజా మాటను ఎదుర్కోవాలి. ఫ్రాన్సిస్ న్యూటన్ సౌజాను 1945లో గెరార్డ్ హయాంలోనే కళాశాల నుంచి వెళ్లగొట్టారు. క్విట్ ఇండియా గొడవల్లో ఆయన తలదూర్చడం కారణం. కొత్త రంగులు సహించిన ప్రిన్సిపాలు కొత్త నినాదాలు సహించలేకపోయాడన్న మాట. 1947లో సౌజా కమ్యూనిస్టు పార్టీలో చేరాడు, బృందానికి "ప్రోగ్రెసివ్" అని పేరు పెట్టాడు. చిత్రకారుడికీ జనానికీ మధ్య వంతెన కడతామన్నాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1949 జూలైలో ఆ బృందం బొంబాయిలో పెట్టిన ప్రదర్శన కేటలాగులో ఆయనే మాట మార్చాడు. ఆ పాత వామపక్షపు ఆలోచనలు విడిచిపెట్టామనీ, ఆ అగాధం పూడ్చరానిదనీ రాశాడు. ఆ ప్రదర్శనను ప్రారంభించినవాడు ముల్క్‌రాజ్ ఆనంద్ కావడం ఒక వింత. 1935లో లండనులో సజ్జాద్ జహీర్‌తో కలిసి అభ్యుదయ రచయితల సంఘానికి పునాది వేసినవాడాయన.

1949 జూలై అంటే హుజూర్‌నగర్ తాలూకాలో సైనిక శిబిరాలున్న కాలం. అగాధం నిజంగానే వుంది. కాని ఎవరు తవ్వారు? ఎన్ని అడుగులు నడిచి చూసి పూడ్చలేమని తేల్చుకున్నారు? రెండేళ్ల ప్రయత్నంతో విసిగిన నగర యువకుడి నిరాశను చారిత్రక సూత్రంగా పరిగణించనక్కరలేదు. దాని మీద తీర్పు ఆ బృందం లోపలి నుంచే వచ్చింది. సౌజా సహచరుడు హుస్సేన్ 1960లలో హైదరాబాదులో బదరీవిశాల్ పిత్తీ ఇంట సంవత్సరాల తరబడి వుంటూ రామాయణ చిత్రాలు వేశాడు. టాటా బిర్లాల డ్రాయింగు రూములకు ఎందుకు వేస్తావు, రామాయణం వెయ్యి అని రామమనోహర్ లోహియా తనను పురమాయించాడని హుస్సేన్ చెప్పుకున్నాడు. సుమారు 150 చిత్రాలు. వాటిని ఎడ్లబండ్ల మీద హైదరాబాదు చుట్టుపట్ల పల్లెలకు తీసుకుపోయి చూపించారు. కన్ను ఏదీ, ముక్కు ఏదీ అని ఒక్కరూ అడగలేదని ఆయన చివరి రోజుల్లో కూడా తలచుకునేవాడు.

యీ సంఘటన చెప్పి సంబరపడేవారున్నారు. నాకు అందులో సగం సంతోషమే కనిపిస్తుంది. వికృతమని నగరవాసి ముఖం చిట్లించే గీతను పల్లె ప్రేక్షకుడు ఆమోదించాడు. సౌజా అగాధం కాగితం మీద అనుకున్నంత లోతు లేదని తేలింది. ఇది పెద్ద విషయం. కాని ఆ బండి మీదకెక్కింది రామాయణం. కథ ముందే తెలుసు గనుక రూపం తేలికైంది, పటం కథలో మాదిరిగానే. ఖర్చు పెట్టుకున్నది ఒక సోషలిస్టు సేటు. అదే బండి మీద భూమి కథ ఎక్కి వుంటే, ఆ కథలో చూసేవాడే పాత్రధారి అయివుంటే ఏం జరిగేదన్న ప్రశ్న అలాగే మిగిలింది.

పి.టి. రెడ్డి ఆ ప్రశ్న దగ్గరకు వచ్చీ రానట్టు బతికాడు. హైదరాబాదు నారాయణగూడలో స్థిరపడి 1996లో చనిపోయేదాకా పని ఆపలేదు. సమకాలీన రాజకీయ ఘటనల మీద బొమ్మలు వేశాడు. 1960, 70 దశకాల్లో తాంత్రిక చిహ్నాల వైపు మళ్లాడు. బిందువు, త్రికోణం, పద్మం. ఆ దారిలో అప్పుడు చాలామంది నడిచారు. పాశ్చాత్య కొనుగోలుదారుడు భారతదేశం నుంచి ఆశించిన సరుకు కూడా అదే. రెడ్డి దాన్ని సరుకు కోసం చేశాడనడం నా ఉద్దేశం కాదు. ఆయనకు అందులో గాఢమైన నమ్మకముంది. కాని సాలమన్ ఒకప్పుడు విద్యార్థుల చేత బలవంతాన వేయించిన "భారతీయత" నుంచి తప్పించుకున్న మనిషి, ముప్పై ఏళ్ల తరువాత వేరొక ద్వారం గుండా మరొక భారతీయతలోకి వెళ్లడం ఆలోచించదగ్గ విషయం. ఎదురుగా జనం లేకపోతే చిత్రకారుడు తన లోపలికి చూసుకుంటాడు. ఆ చూపు తప్పు కాదు. అదొక్కటే మిగలడం విషాదం.

అదే యింట్లో మరొక కళాకారిణి వుంది. మహబూబ్‌నగర్ జిల్లా బిజినేపల్లిలో 1929లో పుట్టిన పాకాల యశోదారెడ్డి, రెడ్డిని 1947లో పెళ్లి చేసుకుంది. ఆమె విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించిన పండితురాలు. గ్రాంథికం ఆమెకు కొట్టిన పిండి. అయినా కథ రాయడానికి కూర్చుంటే పాలమూరు ముసలమ్మలు అరుగు మీద మాట్లాడుకునే భాషలో రాసింది. ఆ యాసను మొరటుదని సర్కారు జిల్లాల పంతుళ్లే కాదు, తెలంగాణ విద్యాధికులు కూడా సిగ్గుపడి దాచుకున్న రోజుల్లో రాసింది. "మా వూరి ముచ్చట్లు" 1973లో పుస్తకంగా వచ్చింది. తెలుగు కథలో ఇది 1941 బొంబాయి ప్రదర్శనకు ఏమాత్రం తీసిపోని తిరుగుబాటు. రూపం కొత్తది: కథ చెప్పేది రచయిత్రి గొంతు కాదు, వూరి గొంతు. విషయం పాతది కాదు, పరాయిదీ కాదు. పైగా చదివినవాడికి, అంతకంటే విన్నవాడికి, అర్థం కాదనే బాధ లేదు.

చిత్రకారుడి బృందం అన్నప్పుడు మన ప్రదర్శనకారులు భోప్లేనూ, మజీదునూ లెక్కపెడతారు. లెక్కపెట్టవలసిందే, వాళ్లకు రావలసిన గౌరవమే ఇంతవరకు రాలేదు. కాని దాదాపు యాభై ఏళ్లు అదే కప్పు కింద పనిచేసిన రచయిత్రిని "శ్రీమతి" అని ఒక ఫొటో కింద రాసి వదిలేస్తారు. బొమ్మ గోడది, కథ పుస్తకానిది అనే యీ విభజన నకాషీకి తెలియదు; అతని బొమ్మ కూనపులివాడి పాట లేకుండా విప్పబడదు. రెడ్డి బొమ్మలను అన్నారానికో, బిజినేపల్లికో, హుజూర్‌నగర్‌కో తీసుకుపోయి చూపించదలిస్తే వాటి పక్కన గట్టిగా చదవవలసిన పుస్తకం కోసం వేరే వెతకనక్కరలేదు. 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో చేరిన హుజూర్‌నగర్‌లో అందుకు బడి వరండా చాలు. పెద్ద గోడలు కావాలంటే పాత గడీలున్నాయి.